సైకిల్ షూ కీచుమంటోందా? ముందు వినండి, తర్వాతే స్ప్రే కొట్టండి

ఈ ఎపిసోడ్‌లో చాలా చిన్న విషయం మాట్లాడుకుందాం. చిన్నదే గానీ, ఒకసారి మొదలైందంటే రైడ్ మొత్తం చెవిలో జోరీగలా వదలదు. అదే, తొక్కుతుంటే షూ దగ్గర వచ్చే కీచు చప్పుడు.

మన ఊళ్ళల్లో ఒకప్పుడు కిర్రు చెప్పులంటే ఒక దర్జా. నడుస్తుంటే కిర్రు కిర్రుమనాలి, అలా ఉండేట్టు చెప్పి మరీ కుట్టించుకునేవాళ్ళు. సైకిల్ షూ కిర్రుమంటే మాత్రం అది దర్జా కాదండీ, అది మనకేదో చెబుతోందని అర్థం. ఆ చెప్పేది సరిగ్గా వినకుండా నోరు మూయించబోయి, నేను నడిరోడ్డు మీద పడ్డాను. ఆ సంగతితోనే మొదలుపెడతాను.

నేను వాడేది రెండు బోల్టుల ఎస్‌పీడీ క్లీట్ షూ. కొత్తగా చూసేవాళ్ళ కోసం ఒక్క మాట. షూ అడుగున బిగించే చిన్న ముక్కనే క్లీట్ అంటాం. అది పెడల్‌లోకి టక్కున దిగి పట్టుకుంటుంది. మడమ బయటికి తిప్పితే ఊడుతుంది. వీటిని క్లిప్‌లెస్ పెడల్స్ అంటారు. క్లిప్ అయ్యేదానికి క్లిప్‌లెస్ అని పేరేంటి అని చాలామంది అడుగుతుంటారు. అంతకుముందు పెడల్ మీద కాలివేళ్ళని పట్టే పంజరం లాంటిది ఉండేది, దాని పేరే టో క్లిప్. ఆ పంజరం పోయింది కాబట్టి క్లిప్‌లెస్. లుక్ అనే ఫ్రెంచ్ కంపెనీ మంచు మీద జారే స్కీల బైండింగ్ నుంచి ఈ ఆలోచన తీసుకుని 1984లో పెడల్ తెచ్చింది. మరుసటి ఏడాది, 1985లో, బెర్నార్డ్ ఇనో ఆ పెడల్స్‌తోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. షిమానో ఎస్‌పీడీ 1990లో వచ్చింది. నా కాలికి ఉన్నది ఆ బాపతు.

సరే, చప్పుడు సంగతి. వానాకాలం అయిపోయాక మొదలైంది. ఎత్తు ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే చాలు, "కీచ్". ప్రతి చుట్టుకీ ఒకసారి, కుడివైపు. తెల్లవారుజామున గండిపేట వైపు వెళ్తుంటే, ట్రాఫిక్ లేని టైం కదా, పక్కన వెళ్ళేవాళ్ళు కూడా తిరిగి చూసేవాళ్ళు. నా చెవికి అది కింద, సైకిల్ మధ్యలోంచి వస్తున్నట్టు అనిపించింది. దాంతో బాటమ్ బ్రాకెట్, అంటే పెడల్ చేతులు తిరిగే ఇరుసు బేరింగులు, పోయాయని నేనే తీర్మానించేసుకున్నాను. షాపుకి వెళ్ళి మార్చమన్నాను. మెకానిక్ "బాగానే ఉంది సార్, ఒకసారి షూ చూస్కోండి" అన్నాడు. నేను వినలేదు. పద్దెనిమిది వందలు అయింది. ఇంటికి వచ్చేసరికి మళ్ళీ కీచ్.

తర్వాత ఇంకో తెలివైన పని చేశాను. తుప్పు వదిలించే స్ప్రే ఒకటి ఇంట్లో ఉంటే, క్లీట్ మీద కొట్టాను. చప్పుడు ఆగిపోయింది! రెండు రోజులు ఆహా అనుకున్నాను. మూడో రోజు సిగ్నల్ దగ్గర ఆగబోతూ మడమ బయటికి తిప్పాను. షూ తిరిగింది, క్లీట్ మాత్రం పెడల్‌లోనే ఉండిపోయింది. సైకిల్ ఆగిపోయింది, కాలు రాలేదు, కుడివైపు చెట్టు కూలినట్టు కూలాను. వెనక వస్తున్న ఆటో అతను బ్రేక్ వేశాడు కాబట్టి మోచేయి చీరుకుపోవడంతో సరిపోయింది.

ఇంటికొచ్చి చూస్తే క్లీట్ రెండు బోల్టుల్లో ఒకటి లేదు. ఎక్కడ పడిపోయిందో కూడా తెలియదు. ఒకే బోల్టు మీద ఉన్న క్లీట్, మేకుకి తగిలించిన క్యాలెండర్‌లా ఆ బోల్టు చుట్టూ తిరుగుతుంది. మనం మడమ తిప్పిన బలం పెడల్ స్ప్రింగ్‌ని తెరవడానికి వెళ్ళదు, షూని తిప్పడానికే సరిపోతుంది. అన్ని రోజులూ వచ్చిన కీచు చప్పుడు ఆ బోల్టు లూజవుతున్న చప్పుడే. నేను కొట్టిన స్ప్రే చప్పుడుని ఆపింది, లూజుని ఆపలేదు. పైగా ఆ పల్చటి నూనె మరల్లోకి దిగి బోల్టు ఊడటానికి సాయం కూడా చేసి ఉంటుంది.

అందుకే ముందు ఈ చప్పుడు ఎలా పుడుతుందో తెలుసుకుందాం. తెలిస్తే మందు దానంతట అదే తెలుస్తుంది.

రెండు వస్తువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, మీద బరువు ఉంది. పక్కకి నెడితే వెంటనే జారవు. కాసేపు అతుక్కున్నట్టు ఉండి, బలం పెరిగాక చటుక్కున జారతాయి. మళ్ళీ అతుక్కుంటాయి, మళ్ళీ జారతాయి. ఇది సెకనుకి వందల సార్లు జరిగితే మనకి అది కీచుమని వినిపిస్తుంది. తలుపు బందు కిర్రుమనేది ఇందుకే, బావి గిలక కీచుమనేదీ ఇందుకే. వయొలిన్ కమాను తీగ మీద పాడించేదీ ఇదే పద్ధతి. షూలో కదలిక మిల్లీమీటరులో ఎన్నో వంతు ఉంటే చాలు. కింద గట్టి కార్బన్ సోల్ గానీ, బోలుగా ఉన్న సైకిల్ ఫ్రేమ్ గానీ ఉంటే ఆ చిన్న చప్పుడుని పెద్దది చేసి ఇంకెక్కడి నుంచో వస్తున్నట్టు వినిపిస్తాయి. నేను మోసపోయింది అక్కడే.

ఇప్పుడు అసలు సూత్రం. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతా ఎపిసోడ్ మర్చిపోయినా పర్లేదు. కదలకూడనిది కదులుతుంటే బిగించాలి. కదలాల్సినది కీచుమంటుంటే శుభ్రం చేసి కందెన వేయాలి. బండి ఇరుసుకి కందెన పూస్తాం, ఎందుకంటే అది తిరగాలి. మంచం కోడు ఊగుతుంటే నూనె పోస్తామా? బిగిస్తాం. నేను మంచం కోడుకి నూనె పోశాను, అంతే.

ఇక వెతుకుడు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. బోల్టులు బిగించి, పౌడర్ వేసి, పెడల్‌కి గ్రీజు పెట్టి, అన్నీ ఒకేరోజు చేస్తే చప్పుడు పోవచ్చు, కానీ ఏది దోషమో తెలియదు. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ మొదటికే.

మొదటి పరీక్ష, షూనా సైకిలా? మామూలు స్పోర్ట్స్ షూ వేసుకుని అదే పెడల్స్ మీద అదే ఎత్తు ఎక్కండి. జారుతుంది, జాగ్రత్తగా, ఖాళీ రోడ్డులో, మెల్లగా. చప్పుడు పోయిందంటే దోషం షూలోనో క్లీట్‌లోనో ఉంది. చప్పుడు అలాగే ఉంటే షూని వదిలేసి పెడల్, క్రాంక్, సీట్ పోస్ట్ వైపు చూడండి. ఇంట్లో రెండో సైకిల్ ఉంటే, అదే షూతో దాని మీద తొక్కి చూడటం ఇంకా మంచిది. ఈ పరీక్షలకి సిగ్నళ్ళు, గుంతలు లేని చోటు కావాలి. హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ పక్కన సోలార్ పైకప్పుతో ఉన్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ లాంటిది దొరికితే హాయి. ఇంట్లో ట్రైనర్ ఉంటే ఇంకా హాయి.

రెండో పరీక్ష, ఏ కాలు? ఒక కాలితో బలంగా, రెండో కాలు ఊరికే తిరిగేట్టు తొక్కండి. తర్వాత కాలు మార్చండి. చప్పుడు ఎప్పుడు వస్తోందో గమనించండి. గడియారంలో మూడు గంటల దగ్గర చిన్న ముల్లు ఎలా ఉంటుందో, పెడల్ అలా ముందుకి ఉన్నప్పుడు కాలి బలం ఎక్కువ పడుతుంది. చప్పుడు కచ్చితంగా అక్కడే వస్తుంటే బరువు పడే చోట ఏదో కదులుతోంది. తొక్కడం ఆపి ఊరికే దొర్లుతున్నప్పుడు కూడా వస్తుంటే అది చక్రం వైపు సమస్య, షూది కాదు.

మూడో పరీక్ష, నీళ్ళు. ఇది నాకు చాలా ఇష్టమైనది, పైసా ఖర్చు లేదు. బాటిల్‌లోంచి కొంచెం నీళ్ళు క్లీట్ మీద, పెడల్ మీద పోయండి. ఎక్కి తొక్కండి. కాసేపు చప్పుడు మారినా, పోయినా, ఆరగానే మళ్ళీ వచ్చినా, క్లీట్‌కీ పెడల్‌కీ మధ్యే రాపిడి ఉందని అనుమానించవచ్చు. ఏమీ తేడా లేదంటే ఇంకా లోపలికి వెళ్ళాలి.

నాలుగోది, సైకిల్ దిగి షూతో నడవండి. మెట్లు ఎక్కండి. చప్పుడు నడకలో కూడా ఉంటే పెడల్‌కి సంబంధం లేదు. తర్వాత షూ విప్పి చెవి దగ్గర పెట్టుకుని రెండు చేతులతో మెలిపెట్టండి, మడమ నొక్కండి, డయల్ నొక్కండి. చుట్టుపక్కల ఎవరైనా చూస్తే ఫోన్ మాట్లాడుతున్నాడు అనుకుంటారు, పర్లేదు.

ఇప్పుడు దొంగలు దాక్కునే చోట్లు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది ఇన్‌సోల్, అంటే లోపల అరికాలి కింద ఉండే పలక. నడిచినా తొక్కినా కిర్రుకిర్రుమంటుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. చెమట, వాన నీళ్ళు దిగి, ఆరి, దాని అంచు షూ గోడకి రాసుకుంటుంది. బయటికి తీసేసి ఒకసారి పది నిమిషాలు తొక్కండి. చప్పుడు పోతే దొరికినట్టే. రెండింటినీ తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, కింద కొంచెం టాల్కం పౌడర్ చల్లి మళ్ళీ పెట్టండి. చిటికెడు చాలు, క్యారమ్ బోర్డు మీద పోసినట్టు వద్దు. మళ్ళీ చెమట పట్టినప్పుడు పౌడర్ పోతుంది, మళ్ళీ వేసుకోవాలి. సైజు పెద్దదై అంచు మడత పడుతుంటే కత్తెరతో ఒక పిసరు కత్తిరించండి.

రెండోది క్లీట్ బోల్టులు. నా కథలో విలన్. ఇవి కదలకూడనివి, కాబట్టి ఇక్కడ స్ప్రే లేదు. ఎక్కువ షూలకి 4 మిల్లీమీటర్ల ఎలెన్ కీ పడుతుంది. అయితే కీ పెట్టేముందు బోల్టు తలలో మట్టి ఉంటుంది, దాన్ని పిన్నీసుతో గీకి, పాత టూత్‌బ్రష్‌తో తుడవండి. మట్టి ఉండగా కీ పెడితే పూర్తిగా దిగదు, తిప్పగానే బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది, ఇక దాన్ని తీయడం పెద్ద యజ్ఞం. కీ పెట్టి బిగువు చూడండి. కొంచెమైనా తిరిగిందంటే లూజు ఉన్నట్టే.

తిరిగింది కదా అని అలాగే బిగించేసి ఊరుకోకండి. ముందు క్లీట్ చుట్టూ మార్కర్‌తో గీత గీయండి. క్లీట్ ఉన్న కోణం ఒక్క పిసరు మారినా మోకాలికి తెలుస్తుంది. గీత గీశాక బోల్టులు పూర్తిగా తీయండి, తుప్పు ఉంటే కొత్తవి కొనండి. మరల మీద కొంచెం గ్రీజు రాసి, గీతకి సరిగ్గా పెట్టి, బోల్టులు ఒకటి మార్చి ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. షిమానో చెప్పే బిగువు 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ లేకపోతే చిన్న కీతో, చేతి బలంతో గట్టిగా, కానీ ఒంటి బరువంతా వేయకుండా. మరీ బిగిస్తే మర పోతుంది. తర్వాత మొదటి రైడ్ నుంచి రాగానే మళ్ళీ ఒకసారి చూడండి. కొత్తగా బిగించినవి మొదటి రైడ్‌లో సర్దుకుని కొంచెం వదులవుతాయి.

గ్రీజు ఇక్కడ ఎందుకు, కదలకూడనిదే కదా అని మీరడగొచ్చు. మంచి ప్రశ్న. గ్రీజు రాసేది మరకి, బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోకుండా, పూర్తి బిగువు దొరికేలా. పట్టి ఉంచేది బిగువే. విశాఖ బీచ్ రోడ్డులో తిరిగేవాళ్ళకి ఉప్పుగాలితో ఈ తుప్పు బాధ ఇంకా ఎక్కువ.

మూడోది క్లీట్‌కీ సోల్‌కీ మధ్య. క్లీట్ తీసినప్పుడే కింద చూడండి, ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా కిర్రుమంటుంది. రెండు వైపులా శుభ్రంగా తుడిచి, పొడిగా బిగించండి. రెండు బోల్టుల షూలో ఇన్‌సోల్ కింద, ఒక స్టికర్ వెనక, మరలు ఉన్న చిన్న ఇనుప పలక ఉంటుంది. బోల్టులు దానిలోకే వెళ్తాయి. నీళ్ళు చేరితే అది తుప్పు పట్టి లోపలే కిర్రుమంటుంది. బయట ఎంత వెతికినా దొరకని చప్పుడు చాలాసార్లు ఇక్కడ ఉంటుంది. తుడిచి, ఆరబెట్టి, కొత్త స్టికర్ వేయండి.

నాలుగోది క్లీట్‌కీ పెడల్‌కీ మధ్య. ఇది కదలాల్సిన చోటు. తగిలించుకున్నాక కూడా మడమ కొన్ని డిగ్రీలు అటూ ఇటూ ఆడాలి, మోకాలి కోసం. రోడ్ బైకుల మూడు బోల్టుల ఎస్‌పీడీ-ఎస్‌ఎల్‌లో పసుపు క్లీట్ 6 డిగ్రీలు ఆడుతుంది, నీలం 2 డిగ్రీలు, ఎరుపు అసలు ఆడదు. ఈ క్లీట్లు ప్లాస్టిక్‌వి, పెడల్ మీద రాసుకుని ఎండాకాలం దుమ్ములో బాగా కీచుమంటాయి. ఇక్కడ కందెన న్యాయం. కానీ ముందు శుభ్రం చేయాలి, తర్వాత పొడిగా ఆరిపోయే రకం, సిలికాన్ స్ప్రే గానీ వ్యాక్స్ రకం గానీ, గుడ్డ మీద కొట్టి ఆ గుడ్డతో రాయండి. నేరుగా కొడితే డిస్క్ బ్రేక్ మీద పడుతుంది, అప్పుడు కీచుమనేది షూ కాదు, బ్రేకులు! కొబ్బరినూనె వద్దు, వంటనూనె వద్దు, చైన్ ఆయిల్ వద్దు. దుమ్ము పట్టి సాన పెట్టే పేస్టులా తయారవుతుంది, పైగా టైల్స్ మీద అడుగుపెడితే జారి పడతారు. అరిగిపోయిన క్లీట్‌కి ఏ స్ప్రే పని చేయదు. అంచులు పల్చబడి, కాలు పక్కలకి ఊగుతుంటే, లేదా దానంతటదే ఊడుతుంటే, కొత్తవి వేయాల్సిందే.

ఐదోది పైభాగం. నాలుక షూ లోపలి అంచుకి రాసుకోవచ్చు, తిప్పే డయల్ కింద ఇసుక ఉండొచ్చు, బకిల్ స్క్రూ వదులై ఉండొచ్చు. తొక్కుతూ ఒకసారి డయల్ ఒకటి రెండు క్లిక్కులు వదలండి, చప్పుడు మారితే అక్కడే ఉంది. కొన్ని షూలకి మడమ కింద రబ్బరు ముక్క స్క్రూతో ఉంటుంది, అదీ చూడండి. వీటికి తుడవడం, స్క్రూ బిగించడం చాలు.

ఆరోది ఉండకూడదని కోరుకునేది, సోల్‌లో పగులు. క్లీట్ రంధ్రాల చుట్టూ వెలుతురులో చూడండి, గోటితో గీకండి. గీత గోటికి తగిలి, మెలిపెడితే తెరుచుకుంటుంటే ఆ షూ పని అయిపోయింది. గమ్ పెట్టి నడిపించే ఆలోచన వద్దు. బలంగా తొక్కేటప్పుడు విరిగితే పోయేది షూ ఒక్కటే కాదు.

వానలో తడిసిన షూ గురించి ఒక్క మాట. ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల పాత పేపర్ కుక్కి, ఫ్యాన్ కింద పెట్టండి. రెండు మూడు సార్లు పేపర్ మార్చండి. మండుటెండలో పెట్టడం, హెయిర్ డ్రయర్ పెట్టడం చేస్తే గమ్ ఊడుతుంది, అప్పుడు కొత్త కిర్రు మొదలు.

ఇంకొకటి, ఇది చప్పుడు కంటే ముఖ్యం. నాలాగా ఎప్పుడైనా క్లీట్ ఊడకపోతే కంగారుపడి మెలితిప్పకండి, తిప్పేకొద్దీ ఉన్న బోల్టు కూడా వదులవుతుంది. వేగం ఉండగానే తెలిస్తే రెండో కాలు ఊడదీసి, ఆ వైపుకి వాలి ఆగండి. తర్వాత షూ డయల్ గానీ స్ట్రాప్ గానీ వదిలి కాలిని షూలోంచి బయటికి లాగండి. షూ పెడల్‌కే వేలాడనివ్వండి. పరువు పోతుంది, మోచేయి మిగులుతుంది.

నా షూ ఇప్పుడు చప్పుడు చేయట్లేదండీ. కొత్త బోల్టులు రెండూ కలిపినా బాటమ్ బ్రాకెట్ ఖర్చులో చిన్న మూలకి రావు. ఆ షాపుకి వెళ్ళి మెకానిక్‌కి "మీరు చెప్పిందే నిజం" అని చెప్పాను. నవ్వి, ఎలెన్ కీ తీసి నా ఎడమ క్లీట్ బోల్టులు కూడా చూశాడు. అందులోనూ ఒకటి పావు చుట్టు తిరిగింది. చప్పుడు కూడా చేయలేదు అది. అందుకే ఇప్పుడు నెలకోసారి, టైర్లలో గాలి కొట్టే రోజునే, నాలుగు బోల్టులకీ కీ పెట్టి చూస్తాను. రెండు నిమిషాల పని.

మీ షూ ఎక్కడ కిర్రుమందో, ఎలా పట్టుకున్నారో కింద రాయండి. చదివి, వచ్చే ఎపిసోడ్‌లో చెప్పుకుందాం. ఈ లోపు ఒకసారి షూ తిరగేసి బోల్టులు చూడండి. ఉంటానండీ, జాగ్రత్తగా తొక్కండి.